పన్నెండో కప్పు

పోయిన వారం జర్మనీ నుంచి తిరిగొచ్చి, ఆక్లాండ్ ఫ్లాట్ బుష్‌లోని మా ఇంట్లో సూట్‌కేసులు విప్పుతుంటే, నా ఉన్ని స్వెట్టర్ మడతల్లోంచి నీలం రంగు మట్టి కప్పు ఒకటి బయటపడింది. దాన్ని అక్కడ ఇచ్చి రావాలనే పనిగట్టుకుని మోసుకెళ్ళానని తెలిసిన మా ఆవిడ, కప్పు చేతిలోకి తీసుకుని నన్ను ఎగాదిగా చూసి, "మళ్ళీ తెచ్చేశారా?" అంది. తెచ్చేశానన్నాను. తను దాన్ని కడిగి గట్టు మీద బోర్లించింది గానీ, నాకు మాత్రం ఆ పూట ఇంకే పనీ సాగలేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. ఏదో ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ కాంట్రాక్టు దొరికి వెల్లింగ్టన్ వచ్చి మూడు నెలలు. పెళ్ళయి ఏడాది తిరగలేదు, మా ఆవిడ కాకినాడలో వీసా కోసం ఎదురుచూస్తోంది, నేనేమో కొండ వాలులో ఒక గది అద్దెకు తీసుకుని, వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు ఏం చేయాలో తోచక గాలిలో నడవడం. వెల్లింగ్టన్ గాలి గురించి అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, గొడుగు తెరిచినవాడు కొత్తవాడని అక్కడ అందరికీ తెలుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "సీ యూ మండే" అన్నాక మళ్ళీ సోమవారం పొద్దున్నదాకా నా గొంతు నేను వినని వారాలు కూడా ఉండేవి. ఒకసారి సందు చివరి కొట్టులో, అదే అక్కడ డైరీ అంటారు కదా, అక్కర్లేకపోయినా పాల సీసా కొన్నాను, థాంక్యూ అనే అవకాశం వస్తుందని.

డిసెంబరు మొదటి శనివారం అలా నడుస్తుండగా లవంగం, దాల్చిన చెక్క కలిసి ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ వాసన తగిలి మూడు నెలలయింది నాకు. ముక్కు ఎటు లాగితే అటు నడిచి వెళ్తే, ఒక చర్చి హాలు ముందు ఆవరణలో పలకలతో కట్టిన ఆరేడు చిన్న బడ్డీలు కనిపించాయి. ఎప్పుడో ఐరోపా నుంచి వచ్చి స్థిరపడిన ముసలివాళ్ళు కొందరు, తమ ఊళ్ళలో క్రిస్మస్ ముందు జరిగే సంతలాంటిది ఇక్కడా జరపాలని పెట్టుకున్నారట. అక్కడ మంచు, ఇక్కడ నడి వేసవి. బడ్డీల చూరుకు దూది అతికించారు, అది గాలికి ఊడి జనం నెత్తిన పడుతోంది. మైనపు వత్తులు ఎండకు మెత్తబడి నడుం వాల్చేశాయి. నెత్తిన సూర్యుడు మండుతుంటే పెద్ద గిన్నెలో ద్రాక్షరసం మసాలాతో మరగబెట్టి, వేడివేడిగా కప్పుల్లో పోసి ఇస్తోంది ఒక పెద్దావిడ. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మా వీధిలో వాళ్ళయితే ఆవిడకు ఎండ దెబ్బ తగిలిందనుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ రసం తాగుతూ, కళ్ళలో నీళ్ళు తిరిగితే పొగ వల్ల అనుకోవాలని పక్కకు తిరిగాను.

తాగేసి కప్పుతో సహా గదికి వచ్చేశాను. దొంగతనం కాదండోయ్. మనవైపు గృహప్రవేశానికో వ్రతానికో వెళ్తే పేరు చెక్కించిన స్టీలు డబ్బా చేతిలో పెట్టి పంపిస్తారు కదా, ఇదీ అలాంటిదే, పండగ చేసుకుంటున్నారు కాబట్టి వచ్చినవాళ్ళకు కప్పులు పంచుతున్నారనుకున్నాను. శుభ్రంగా కడిగి కిటికీలో పెట్టుకున్నాను. ఫోన్ కార్డు గీకి మా ఆవిడకు చెప్పాను కూడా, ఈ దేశంలో మొదటిసారి ఎవరో నాకు ఒక వస్తువు ఇచ్చారని. సోమవారం ఆఫీసులో ఇదే గొప్పగా చెబితే పక్క కుర్చీ అతను నవ్వాపుకోలేక, ఆ కప్పు అక్కడే తిరిగి ఇచ్చేయాలని చెప్పాడు. నా మొహం మాడిపోయింది.

వారమంతా సిగ్గుతో చచ్చాను. శనివారం వెళ్ళి ఇచ్చేయాలి సరే, కానీ వేరేవాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని, ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వమని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. బెల్లం దొరకలేదు. బ్రౌన్ షుగర్ పాకం పట్టి, పల్లీలు వేయించి ఉండలు చుట్టాను. పాకం ముదిరి రాళ్ళయ్యాయి. అవే కప్పులో వేసుకుని తీసుకెళ్ళాను.

బడ్డీ వెనక గోడకు వరసగా పన్నెండు కొక్కేలు, వాటికి పదకొండు కప్పులు వేలాడుతున్నాయి. నేను చాపిన కప్పు చూసి ఆవిడ రెండు చేతులతోనూ అందుకుంది. పగిలిపోయిందనుకుందట. ఆ పన్నెండు కప్పులూ ఆవిడ భర్త స్వయంగా చక్రం మీద చేసినవి, ఆయన పోయి ఆరేళ్ళయింది. నేను ఆంటీ అని మొదలుపెట్టి క్షమాపణలు చెబుతుంటే, తనకు మేనల్లుళ్ళు ఎవరూ లేరే అని ఆశ్చర్యపోయింది. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం మాకు రాదన్నాను. లోపల ఈ ఉండలేమిటని అడిగితే మా అమ్మ మాట చెప్పాను. ఆవిడ ఒక ఉండ బుగ్గన పెట్టుకుని, మిగతావి పళ్ళెంలో పోసి, కప్పును పన్నెండో కొక్కేనికి తగిలించింది.

ఆ పై శనివారం కప్పు నిండా దాల్చిన చెక్క బిస్కెట్లు పెట్టి ఉంచింది, మీ పద్ధతి నాకూ వర్తిస్తుంది కదా అని. వాటికి బదులు నేను అటుకుల చుడువా తీసుకెళ్ళాను. బేరాలు లేనప్పుడు తన ఊరి సంత గురించి చెప్పేది. ఊరంతా బాంబులకు నేలమట్టమైన యుద్ధం తర్వాత జర్మనీలోని డ్రెస్డెన్ వదిలి వచ్చిందట, మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే తాను వెతుక్కునేవి అక్కడ ఉండవని భయమని ఒకసారి అంది. అప్పటికి నాకు ఆ మాట బుర్రకెక్కలేదు.

చివరి శనివారం బడ్డీలు విప్పుతుండగా, క్రిస్మస్ రోజు ఏం చేస్తున్నావని అడిగింది. నేను తడుముకోకుండా, ఆక్లాండ్‌లో స్నేహితులు పిలిచారన్నాను. పచ్చి అబద్ధం. ఆక్లాండ్‌లో నాకు ఈగ కూడా తెలియదు. ఒంటరిగాడినని జాలిపడుతుందేమోనని పాడు అభిమానం. అయితే సంతోషం అని, తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచి, అందులో బిస్కెట్లు పోసి, దారిలో తిను, వచ్చే ఏడు తిరిగి ఇద్దువుగానని నా చేతిలో పెట్టింది.

క్రిస్మస్ రోజు ఊరంతా మూతపడింది. సందు చివరి డైరీ కూడా తెరవలేదు. పెరుగన్నం కలుపుకుని, కిటికీలో కప్పు ఎదురుగా కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అప్పుడు తట్టింది నాకు, ఆవిడ జాలిపడి అడగలేదు, తనకూ ఎవరూ లేక అడిగిందని. ఇల్లెక్కడో తెలియదు, ఫోన్ నంబరు లేదు. చర్చి దాకా పరిగెత్తాను. ప్రార్థన అయిపోయి తాళం వేసి ఉంది. ఆ రోజు నా మీద నాకు కలిగినంత అసహ్యం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేసి, తెలిసినవాళ్ళింట్లో భోజనం చేశానని రెండో అబద్ధం కూడా చెప్పాను.

జనవరిలో వీసా వచ్చింది, ఆక్లాండ్‌లో ఉద్యోగమూ వచ్చింది. కప్పు మాతోనే వచ్చింది. పార్సెల్ చేసి పంపితే అయిపోయేది. కానీ ఖాళీ కప్పు ఎలా పంపను, మా ఆవిడ చేత మంచి సున్నుండలు చేయించి, ఇద్దరం స్వయంగా వెళ్ళి ఇస్తే ఆవిడ ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. మొదటి డిసెంబరు ఇల్లు మారాం, రెండో డిసెంబరు మా అమ్మాయి పుట్టింది, మూడోది ఎందుకు తప్పిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నాలుగో డిసెంబరు సున్నుండలతో సహా వెళ్తే, సంత జరిగే ఆవరణలో కార్లు నిలిపి ఉన్నాయి. చర్చిలో పూలు సర్దుతున్న ఒకావిడ చెప్పింది, ఆంటీ కిందటి చలికాలంలో పోయిందని, సామాన్లన్నీ ఆప్ షాప్‌కు, అంటే పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేశారని. పదకొండు కప్పులూ ఎవరెవరి ఇళ్ళకు చేరాయో.

ఈ కథ ఎన్నిసార్లు విందో మా అమ్మాయి, ఉద్యోగంలో చేరగానే మమ్మల్ని డ్రెస్డెన్ తీసుకెళ్ళింది. నిజమైన మంచు, నిజమైన సంత, అదే లవంగాల వాసన. పాకం ఈసారి మా ఆవిడ పట్టింది కాబట్టి ఉండలు బాగా కుదిరాయి. వాటితో కప్పు నింపి ఒక బడ్డీ గట్టు మీద పెట్టాను. అక్కడున్నామె కప్పు తిప్పి అడుగు చూసి, "ఇది మా కప్పు కాదండీ" అని ఇంగ్లీషులో మర్యాదగా నా వైపు జరిపింది. నేను చెప్పబోయాను. "నాన్నా, వెనక లైన్ ఆగిపోయింది, ప్లీజ్" అంది మా అమ్మాయి. ముగ్గురం ఒక పక్కకు వచ్చి, ఆ ఉండలు మేమే తిన్నాం. మర్నాడు కప్పును ఎక్కడో ఒకచోట పెట్టి వస్తానని మా ఆవిడకు చెప్పి ఒక్కణ్ణే వెళ్ళాను గానీ, వదల్లేక స్వెట్టర్‌లో చుట్టేసుకున్నాను.

ఇప్పుడు ఫ్లాట్ బుష్‌లో పండగలకు లోటు లేదు. ఎవరింటికి వెళ్ళినా వచ్చేటప్పుడు పులిహోర, గారెలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, "డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నయ్యగారూ, తినేసి పడేయండి" అంటారు. మంచి మనసుతోనే అంటారు. మేమూ అలాగే అంటున్నాం. ఆ డబ్బా కోసం ఎవరూ ఎదురుచూడరు, దాన్ని పట్టుకుని ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. నిన్న వంటింటి గోడకు ఒక కొక్కెం బిగించి కప్పు తగిలించాను. తగిలించే ముందు, మా ఆవిడ చూడకుండా, అందులో చిటికెడు పంచదార వేశాను.