గంగాధర్ వంతు సంగటి ముద్ద

బత్తలపల్లెలో ఆటో నడిపే గంగాధర్‌కు ఒకటే పంతం. వాళ్ల నాయన బతికున్నంతకాలం ఏటా ఉగాదికి భుజానికెత్తిన రాతిగుండును తానూ ఎత్తాలి. కండలు పెంచడానికి కీటో అంటూ అన్నం, సంగటి మానేశాడు. గుడ్లు, మాంసం, నెయ్యి తిని జిమ్ములో ఇనుము మోసేవాడు.

తల్లి బయమ్మకు అది నచ్చలేదు. వంతు ముద్ద ఆపితే బతికున్నవాణ్ణి చచ్చినోళ్లలో కలిపినట్టేనని, రోజూ అతని పీట ముందు పళ్లెం పెట్టి కూలికి పోయేది. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ.

"కుక్క తినింటాదిలేమ్మా."

"కుక్క పళ్లెంలో చెయ్యి కడుక్కుంటాదేమిరా?"

ఆరు నెలలకు గంగాధర్ చొక్కాలు భుజాల దగ్గర పిగిలిపోయాయి. ఉగాదినాడు గుండును రెండు చేతులా వాటేసుకున్నాడు. కదల్లేదు. మళ్లీ వంగాడు. ఈసారి గుండు నెమ్మదిగా లేచి భుజమెక్కింది. జనం ఈలలేశారు. ఊరి పెద్దగా పక్కనే నిలబడ్డ నేను ఒకటి చూశాను. అతని చేతులు రాయికి జానెడు దూరంలో ఉన్నాయి.

"నేను ఎత్తలేదు పెద్దాయనా" అన్నాడు నాతో.

బయమ్మ కొంగు నెత్తిన కప్పుకుని గుండుకు దండం పెట్టింది.

"ముద్ద తిన్నోడే ఎత్తినాడులేరా."