నానమ్మ చేతి కట్టు

నా చిన్నప్పుడు మేం నాచారంలో ఒక మూడంతస్తుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఓ ఆదివారం పొద్దున పై అంతస్తులో గ్యాస్ సిలిండర్ పేలింది. అబ్బో, ఆ చప్పుడు! మా అటక మీది గిన్నెలన్నీ ఒక్కసారే కిందపడ్డాయి. ఇక వీధి వీధంతా పరుగులే. ఒకాయన తడిపిన గోనెసంచులు మోస్తే ఇంకొకాయన బకెట్లతో ఇసుక మోశాడు. ఆడవాళ్లు తమ ఇళ్లలోని సిలిండర్లను దొర్లించుకుంటూ తెచ్చి ఖాళీ జాగాలో వరసగా నిలబెట్టారు. నాకు తొమ్మిదేళ్లు. భయం ఎంత వేసిందో, హుషారు అంతకు రెండింతలు పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

ఆ ఇంటి అక్క, ఆమె పిల్లలిద్దరూ నీళ్ల కోసం కిందికి దిగి ఉండడంతో బతికిపోయారు. బావకు చేతులు కాలితే మా అమ్మానాన్నలు ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారు. ప్రాణానికి ఫికర్ లేదని కబురొచ్చింది. వాళ్ల వంటిల్లు మాత్రం గోడతో సహా పోయింది.

మధ్యాహ్నానికి నాలుగు ఇళ్ల నుంచి అన్నం గిన్నెలొచ్చాయి. అక్క ఒక్కటీ ముట్టలేదు. మా దగ్గర ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపరు, గుప్పెడు చక్కెరో నాలుగు మిరపకాయలో వేసి పంపుతారు. ఆ సంగతి నాకెక్కడ తట్టింది! పప్పన్నం ఆమె ముందు పెట్టి, "జల్ది ఖాళీ చేసి ఇయ్యక్కా, నానమ్మ గిన్నె తెమ్మన్నది" అన్నాను. అక్క ముఖం చిన్నబోయింది.

"ఏమేసి ఇయ్యాలె పిల్లా? నా దగ్గర ఉప్పురాయి గూడ లేదు. తీస్కపో" అంది. పిల్లలిద్దరూ గిన్నె వంకే చూస్తున్నారు. పొద్దున్నుంచీ వాళ్ల కడుపులో ఏమీ పడలేదు.

సంగతి చెప్పగానే నానమ్మ, "నీ నోట్ల మన్నువడ!" అని తిట్టి, పాత చీర చింపి నిక్షేపంగా ఉన్న తన కుడిచేతికి గట్టిగా కట్టు కట్టుకుంది. ఎవరికైనా చెప్తే వీపు పగుల్తదంది. మూలుగుతూ అక్క దగ్గరికి వెళ్లి, "బిడ్డా, కట్టెల పొయ్యి ముట్టిస్తుంటె చెయ్యి కాలింది. మంట ఆర్పినోళ్లంత ఆకలి మీదున్నరు. జర వచ్చి వండిపెట్టరాదు?" అని బతిమాలింది.

అక్క కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకు దోపి లేచింది. అన్నం ఉడికింది, టమాటా చారు మరిగింది, వాసన వీధి చివరిదాకా పోయింది. నవ్వు ఆపుకోలేక నేను నోట్లో గౌను కుక్కుకున్నాను. అక్క వండిన అన్నానికి ఆమె పిల్లలు అందరికంటే ముందు బంతిలో కూర్చుని, అడిగడిగి మరీ తిన్నారు. వాళ్లను చూసిన సంబరంలో నానమ్మ ఒళ్లు మరిచిపోయి, కట్టున్న చేత్తోనే పెద్ద గరిటె ఎత్తి అన్నం వడ్డించేసింది!

నా నోట్లోని గౌను జారిపోయింది. అక్క ఆ చేతిని చూసింది, నానమ్మను చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. ఊడిపోతున్న కట్టును తనే మళ్లీ బిగించి, "విప్పకు పెద్దమ్మా, రేపు గూడ నేనే వండుత" అంది. అప్పుడు తనూ ఇంత అన్నం పెట్టుకుని తింది.

మొన్న మా చిల్కానగర్‌లో పక్క అపార్టుమెంటులో సిలిండర్ పేలి, ఒక కొత్త కాపురపు పిల్ల ఇల్లు బుగ్గిపాలైంది. ఎవరేమిచ్చినా తినడం లేదన్నారు. నేను గిన్నె పట్టుకుపోలేదు. కందిపప్పు చాటతో వెళ్లి, "కండ్లు కనవడ్తలేవు బిడ్డా, జర రాళ్లు ఏరిపెడ్తవా?" అన్నాను. ఏరింది. ఆ పప్పే వండుకుని ఇద్దరం తిన్నాం. నా కళ్లకేం, ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను.