డెట్రాయిట్ పెరటి గోంగూర

గోంగూర మన సొంతమని ఎవరైనా రొమ్ము విరుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా చెల్లెలింట జరిగిన విందు గుర్తొస్తుంది.

మా బావగారు గుండె డాక్టరు. ఊళ్లో అందరిచేతా ఉప్పు మానిపించి, ఇంట్లో తను ఆవకాయ నూనె అన్నంలో ఒంపుకునేవారు. చివరికి ఆయన గుండెకే బైపాస్ చేయాల్సొచ్చింది. అప్పుడు ఇంటికొచ్చి వండే షెఫ్‌ని పెట్టుకున్నారు. ఆవిడది ఘనా దేశం, ఉత్తరపు వైపు. వాళ్ల అమ్మమ్మ వంటల్లో నూనె, ఉప్పు తగ్గించి, రుచి మాత్రం తగ్గకుండా వండేది. అప్పట్లో నేనూ చెల్లెలింట్లోనే ఉండేవాణ్ణి, ఉల్లిపాయలు తరగడం నా పని. బడి ఐదో తరగతితో మానేసి, చదువంతా లైబ్రరీలో సంపాదించుకున్నవాణ్ణి. డిగ్రీలు కిక్కిరిసిన ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది ఆవిడొక్కతే.

ఒకరోజు తన పెరట్లోంచి ఆకు తెచ్చింది. తుంచి నోట్లో వేసుకున్నాను. గోంగూర!

"ఇది మాది," అన్నాను.

"మీ ఇంటికెప్పుడొచ్చిందో కనుక్కో," అని నవ్వింది.

కనుక్కున్నాను. ఆ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అని లైబ్రరీ పుస్తకంలో ఉంది. మర్నాడు తలెత్తకుండా ఉల్లిపాయలు తరిగాను.

ఆ ఆకును ఆవిరి మీద ఉడికించి, వేయించిన వేరుశనగలూ పచ్చిమిర్చీ వేసి రోట్లో నూరేది. చుక్క నూనె పడేది కాదు.

బావగారు కోలుకున్నారు. నెలాఖరుతో ఆవిడ పని సరి. వంటకి ఇంకో ఇల్లు దొరక్కపోతే కష్టం. "శనివారం లంచ్‌కి పాతికమంది వస్తున్నారు, అందరికీ నిన్ను పరిచయం చేస్తాను," అని మా చెల్లెలు ఆవిడకి మాటిచ్చింది.

శనివారం వచ్చింది.

"అబ్బ, ఏం పచ్చడండీ! ఎక్కడిది?" అందొకావిడ.

మా చెల్లెలు నీళ్లు నమిలింది. నల్లావిడ వండిందంటే ఎవరేమనుకుంటారోనని భయం. "అమ్మ పంపిందండీ, గుంటూరు నుంచి."

"అనుకున్నా!" అన్నాడు ఆ అడిగినావిడ మొగుడు. కార్లకు బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు, నోటికి మాత్రం ఒకటీ లేదు. "నల్లరేగడి టేస్ట్ దాచినా దాగదండీ. పైగా గానుగ నూనె. నాలుక మీద పెట్టగానే ఐడెంటిఫై చేశా."

వంటింట్లో ఆవిడ ఉతికిన ఏప్రన్ కట్టుకుని, పిలుపు కోసం అరగంటగా నిలబడే ఉంది. ఇక నా వల్ల కాలేదు. సింకు పక్కనున్న గోంగూర కాడల కట్ట తెచ్చి అతని పళ్లెం పక్కన పడేశాను.

"బాబూ, మీ నల్లరేగడి డెట్రాయిట్‌లో ఉంది. మా షెఫ్ గారి పెరడు. పొద్దున్నే కోసి నూరింది. అందులో నూనె చుక్క చూపించండి, మీ కాళ్లకు దణ్ణం పెడతా."

"అన్నయ్యా, లోపలికెళ్లు," పళ్ల బిగువున అంది చెల్లెలు.

"వెళ్తా. ముందు నువ్విచ్చిన మాట నిలబెట్టుకో."

బావగారు మూడోసారి పచ్చడి వడ్డించుకుంటూ, "రెండు నెలలుగా నన్ను బతికిస్తోంది ఆవిడే," అన్నారు. ఆయన నోట మందుచీటీ కాని నిజం వినడం నాకదే మొదలు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఇంజనీరు పచ్చడిని పళ్లెం అంచుకు నెట్టాడు. పెళ్లాం దాన్ని తన పళ్లెంలోకి లాక్కుని, "విత్తనాలిస్తావా?" అని ఆవిణ్ణి ఇంగ్లీషులో అడిగింది.

"వంటకి పిలిస్తే నేనే తెస్తాను," అందావిడ.

ఆ సోమవారమే వాళ్లింట్లో పనికి కుదిరింది. మా చెల్లెలు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు, ఇల్లు హాయిగా ఉంది. మరుసటి వేసవికి ఇంజనీరు పెరట్లో గోంగూర మడి లేచింది. వచ్చినవాళ్లందరికీ చూపించి, అసలు గుంటూరు విత్తనమని చెప్పేవాడట.