ముందు పేరు చెప్పు

మొన్న సాయంత్రం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నాచారం పోయే షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన కూర్చున్న అమ్మాయికి గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి, వాటికి ముదురు ఎరుపు రంగు. ఆ గోళ్ళతోనే ఫోను అద్దం మీద ఏదో రాసుకుంటోంది. టక్, టక్, టక్. బండ్ల రొదలో, మెట్రో స్తంభాల కింది దుమ్ములో ఆ చిన్న చప్పుడు నాకొక్కదానికే వినబడినట్టుంది. నా వీపు దానంతటదే నిటారుగా అయింది. పెదాలు కదిలాయి. "యాదమ్మను, నాచారం నుంచి" అని లోపల్లోపలే చెప్పుకున్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగే మనిషి పోయి ఏడాది దాటింది.

ఆమె పేరు రాజ్యం గారు. మేముండే ఇంట్లో కింది వాటా ఆమెది, పైన రేకుల గది మాది. తెనాలి వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. మనిషి సన్నగా గాలికి పోయేటట్టు ఉండేది గానీ గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. ట్రంకు కాల్ అడిగి గంటలకొద్దీ కూర్చునే కాలంలో, ఒక ఊరి చావుకబురూ ఇంకో ఊరి పురిటి కబురూ ఆ చెవి పక్కనుంచే దాటిపోయాయట.

నాకు నాలుగో తరగతితోనే బడి ఆగిపోయింది. జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి ఇటు వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో బిస్కెట్ల ప్యాకింగులో చేరాను. ఇంట్లో ఒకటే ఫోను ఉండేది, అది మా ఆయన జేబులో ఉండేది. ఆయన పోయాక అది నా చేతికి వచ్చింది గానీ, దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు. మోగితే గుండె దడ. వాడలో నన్ను అందరూ రాములు భార్య అనేవారు, కంపెనీలో ప్యాకింగమ్మా అనేవారు. నా పేరు నేను పైకి చెప్పాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు.

ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని ఫోను ఎత్తి, మాట్లాడి, బిక్కమొహం వేసుకున్నాను. కింద కొత్తిమీర ఏరుకుంటున్న రాజ్యం గారు తలెత్తి, "ఎవరమ్మా ఫోన్లో?" అంది.

"ఏమో అమ్మా. హలో అన్నడు, నేనే అన్న. నేనే అంటే ఎవరన్నడు. నేనేనయ్యా అని మళ్ల చెప్పిన. పెట్టేసిండు."

ఆమె కొత్తిమీర పక్కనపెట్టి నవ్వింది. "ఈ దేశంలో ఫోనెత్తిన ప్రతివాళ్ళూ 'నేనే'నమ్మా. నీకు ఇంట్లో పేరు పెట్టారా లేదా?"

"ఎందుకు పెట్టలే? యాదమ్మ."

"మరి దాన్ని ఎవరికోసం దాచావు?"

ఆరోజు నుంచి నేను కంపెనీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఆమె ముందుగదిలో పాఠం. ఆమె టీపాయికి అవతల కూర్చునేది, నేను ఇవతల. ముందు పేరు, ఊరు. తర్వాత పని. ఆ తర్వాత ఊరుకుని వినడం. నేను గొణిగినా, పేరు మింగినా ఆమె నోటితో ఏమీ అనేది కాదు. చూపుడువేలి గోటితో టీపాయి చెక్కమీద రెండు సార్లు కొట్టేది. ఎక్స్ఛేంజీలో అంతమంది ఒక్కసారే మాట్లాడుతుంటే తప్పు దిద్దడానికి పై ఆఫీసరమ్మ అరవలేదట. వెనక నిలబడి బల్ల మీద గోటితో కొట్టేదట. "ఆ చప్పుడుకు నిద్రలో కూడా నా పేరు చెప్పేదాన్ని" అనేది రాజ్యం గారు.

గ్యాసు బుక్ చెయ్యడం అలాగే నేర్చుకున్నాను. ఫోనులో ఒకావిడ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని గబగబా చెప్పేస్తోంది. "అమ్మా, జర నిమ్మళంగ చెప్పుండ్రి, మీకు పుణ్యముంటది" అన్నాను. టక్ టక్ వినబడలేదేమా అని చూస్తే రాజ్యం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"ఆవిడ మనిషి కాదే పిచ్చిదానా! ఎప్పుడో రికార్డు చేసిన గొంతు అది."

"గట్లనా? ఎవరైతేంది అమ్మా, చివరికి ధన్యవాదాలు అన్నది. నాకెవరంటరు గా మాట?"

ఆమె నవ్వు ఆపేసింది. లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చి, గ్లాసు నా చేతికిచ్చింది. ఆమె ఇంట్లోనూ ఫోను మోగగా నేను పెద్దగా వినలేదు.

నా బిడ్డ లత బొంబాయి దగ్గరి భివండిలో ఉంటుంది. అల్లుడు అక్కడ పవర్‌లూముల్లో పనిచేస్తాడు. రాయడం నాకు నిదానం, అందుకని రాజ్యం గారు మైకు గుర్తు చూపించి మాట పంపడం నేర్పింది. మొదటిసారి దాన్ని నొక్కిపట్టుకుని ఏడ్చాను, అంతే. ఆ ఏడుపు వెళ్ళిపోతుండగా పట్టుకుని తీసేయించింది. "వినేవాళ్ళు అక్కడ బెంబేలెత్తిపోతారు. ముందు పేరు, తర్వాత విషయం. ఏడుపు ఆఖరున. అప్పటికి కొంత తగ్గుతుంది కూడా." మళ్ళీ చెప్పాను: "యాదమ్మను, నాచారం నుంచి. జరం వచ్చి తగ్గింది. నువ్వు యాదికొస్తున్నవు." కాసేపటికి లత గొంతు వచ్చింది: "ఏందమ్మా, నువ్వు యాదమ్మవని నాకు తెల్వదా? ఆఫీసరు లెక్క చెప్తున్నవు!" నవ్వుతూనే ఉంది. రాజ్యం గారు దాన్ని మళ్ళీ పెట్టించుకుని వింది.

ఇంకొకరోజు ఎవడో బ్యాంకు నుంచి అని ఫోను చేశాడు, మెసేజీలో వచ్చిన నంబరు చెప్పమన్నాడు. పేరు, ఊరు చెప్పి, "మీరెవరు?" అన్నాను. బ్యాంకు అన్నాడు. "బ్యాంకు సరే, మీ అమ్మనాయన పెట్టిన పేరు చెప్పుండ్రి" అన్నాను. టక్కున పెట్టేశాడు. కిందికి దిగి, "మంచిగ మాట్లాడుతుంటే మధ్యల పెట్టేసిండమ్మా" అని బాధపడ్డాను. దొంగ ఫోను పెట్టేస్తే బాధపడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఆమె కళ్ళు తుడుచుకునేలా నవ్వింది.

ఒకనాటి పొద్దున కింద పాలప్యాకెట్టు గేటుకే వేలాడుతోంది. తలుపు తోసి చూస్తే ఆమె టీపాయి పక్కన పడి ఉంది. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. దవాఖానా నుంచి ఆమె అన్నకొడుకు ప్రసాద్ చర్లపల్లిలో తన ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేను చూడబోతే ప్రసాద్ భార్య జ్యోతి ఆమె మీదికి వంగి, పసిపిల్లతో అన్నట్టు, "అత్తయ్యగారూ! ఎవలొచ్చాలో చూడండీ!" అని అరిచింది. ఊళ్ళను కలిపిన ఆ మనిషి గోడవైపు చూస్తూ పడుకుంది. నావైపు తిరగలేదు.

గేటు దగ్గర ప్రసాద్ మెల్లిగా చెప్పాడు. "మాటే కాదండీ, తెలివి కూడా పోయింది. ఏం చెప్పినా ఆవిడకి చేరడం లేదు. ఆవిడ సెల్లు మాతోనే తెచ్చాం గానీ, ఆ నంబరు కూడా తీయించేద్దామనుకుంటున్నాను. ఎవరికోసం?"

నాకు ఆ మాట గుండెలో ఇరుక్కుంది. అది తీసేస్తే ఆమెకు ఈ లోకంతో ఉన్న తీగ తెగిపోతుంది. నాక్కూడా. మరునాడు కంపెనీ గేటు దాటగానే ఆ నంబరుకు చేశాను. జ్యోతి ఎత్తింది. "జర ఆమె చెవి కాడ పెట్టు బిడ్డా, ఒక్క నిమిషం" అని బతిమాలాను. పెట్టింది. ఊపిరి వినబడింది. ఇన్నాళ్ళ పాఠం ఒక్కసారిగా గాలికి పోయింది. ఏడుపు గొంతుతో, "అమ్మా... నేనేనమ్మా..." అన్నాను.

టక్, టక్.

"ఆంటీ, ఈవిడ ఎడమచేత్తో మంచంపట్టె కొడుతోందండీ!" అంది జ్యోతి.

నేను కళ్ళు తుడుచుకున్నాను. "యాదమ్మను, నాచారం నుంచి" అన్నాను. చప్పుడు ఆగింది. కావాలనే మళ్ళీ, "నేనేనమ్మా" అన్నాను. టక్, టక్. అవతల ప్రసాద్ గొంతు దగ్గరికొచ్చింది. "ఏదీ, ఇంకోసారి అనండి" అన్నాడు. మళ్ళీ అన్నాను. ఆ చప్పుడు ఈసారి గట్టిగా, విసుగ్గా వచ్చింది.  అతను నాతో కాదు, ఆమెతో, మామూలు గొంతుతో, "అత్తా, నీకు వినబడుతోందా?" అన్నాడు. టక్.

ఫోను ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆమె మీద అరవడం మానేశారు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు అని కుదుర్చుకుని, కూర ఏం వండాలో కూడా ఆమెనే అడిగేవారట. నేను రోజూ షిఫ్టు కాగానే చేసేదాన్ని. రోజూ తప్పుగానే మొదలుపెట్టేదాన్ని. నన్ను దిద్దే ఆ చప్పుడు వినబడితేనే నాకు అన్నం సయించేది. ఒకరోజు "నేనేనమ్మా" అని, ఆగి, ఇంకా ఆగి, ఊపిరి మాత్రమే విన్నాను. ఆ వారంలోనే ఆమె పోయింది.

ఇదంతా తలుచుకుంటుండగానే పక్కనున్న అమ్మాయి ఫోను మోగింది. చెవికి పెట్టుకుని, "ఆఁ, నేనే" అంది. నా వేలు ఆటో కమ్మీ మీద రెండుసార్లు కొట్టేసింది. ఆ పిల్ల వినలేదు. అవతలివాళ్ళెవరో ఆ 'నేనే'ను వెంటనే పోల్చుకున్నారు, ఈమె నవ్వుతూ మాట్లాడుకుపోయింది. అట్లా గుర్తుపట్టే మనిషి ఉన్నవాళ్ళకు పేరు చెప్పుకోవాల్సిన పనేముంది అనుకున్నాను.

నాచారంలో దిగి నడిచి ఇంటికి వచ్చాను. కింది వాటాలో ఎవరో కొత్తవాళ్ళు, టీవీ మోగుతోంది. మెట్లెక్కి తాళం తీసి, చీకటి గదిలోకి "నేనే" అన్నాను. కాసేపు గడపలోనే నిలబడ్డాను.

తర్వాత లైటు వేసి, "యాదమ్మను" అన్నాను.