పాడైన కూలర్‌లో తేనె

తేనెటీగల పెంపకం కొత్తగా నేర్చుకున్నాను గానీ, చైతన్యపురిలో మా డాబా మీద పెట్టిన పెట్టెలోకి ఒక్క ఈగా రాలేదు. ఎల్బీ నగర్‌లో ఒకావిడ ఇంటిపైన, పాడైన కూలర్‌లో తేనెపట్టు ఉందని తెలిసి వెళ్లాను. ఆవిడది నల్లగొండ వైపు పల్లె. ఒంటరి మనిషి.

"మందు కొట్టిద్దామనుకున్న. నువ్వు ఊకెనే తీస్తనంటున్నవ్. గట్లెందుకు తీస్తవ్?" అంది గేటు తీయకుండానే.

"ఈగలు నాకు కావాలి పిన్నిగారూ. తేనె చెరి సగం తీసుకుందాం."

ఇష్టం లేకుండానే గేటు తీసింది.

మర్నాడు పొద్దున్నే వలటోపీ పెట్టుకుని, కొబ్బరిపీచు పొగ వేసి, కూలర్ రేకు విప్పాను. పట్టుల్లో పైన తేనె, కింద ఈగల పిల్లలు. పిల్లలున్న ముక్కల్ని కాస్త తేనెతో సహా కోసి, చట్రాలకు దారంతో కట్టి, వెంట తెచ్చిన మా పెట్టెలో సర్దాను. మిగిలిన తేనెపట్టును ఆవిడకొకటి, నాకొకటిగా రెండు గిన్నెల్లో వేశాను. ఈగలు కుదురుకునేదాకా పెట్టెను అక్కడే ఉంచి, చేతులు కడుక్కోవడానికి కిందికి దిగాను. ఆవిడ పైనే ఉంది.

ఇంటికొచ్చి తేనె వడగడితే పల్చగా, నారింజ రంగులో దిగింది. పూల వాసన లేదు, ఏలకుల వాసన! నేను కిందికి దిగినప్పుడు ఆవిడ పాకం కలిపిందా? ఆ అనుమానం తెగకముందే ఫోన్ మోగింది.

"ఏందమ్మా, పాకం నాకు అంటగట్టి అసలు తేనె పట్కపోయినవా?"

"నాకూ అలాంటిదే వచ్చిందండీ."

"గదెట్ల నమ్మాలె?"

నా గిన్నె పట్టుకుని మళ్లీ వెళ్లాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే రంగు. అయినా ఆవిడ నన్నే చూస్తోంది, నేను ఆవిడనే. చివరికి పెట్టె తెరిచి, ఈగలే మైనంతో మూసిన గదుల్ని ఆవిడ కళ్లముందు కత్తితో గీశాను. అందులోనూ నారింజ రంగే.

"మూతేసిన దాంట్లకు ఎవరు పోస్తరు?" అంది మెల్లగా.

ఈగలు ఎగిరే దిక్కు చూసుకుంటూ ఇద్దరం వెళ్లాం. వెనక గల్లీలో స్వీట్ షాపు. బయట జిలేబీ పాకం గిన్నె అంచున ఈగలు బారులు తీరి తాగుతున్నాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు సిగ్గేసింది.

పెట్టె తీసుకెళ్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నా ఇంట్ల పుట్టిన ఈగలు. పెట్టె ఈడనే ఉండనీ. నువ్వే ఒచ్చి చూస్కో."

వారం వారం వెళ్తున్నాను. నేను పెట్టె తెరిస్తే ఆవిడ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. వెళ్లేటప్పుడు నా సంచీ వైపు ఓ చూపు చూస్తుంది. నేనూ అంతే. మూత తీసే ముందు, నేను లేనప్పుడు ఎవరైనా కదిపారేమోనని అంచులు తడిమి చూస్తాను.