పల్లవి వరకే తెలిసిన ఊరు

ఒక మనిషి పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఎంత గొప్ప తప్పు చెయ్యగలడో తెలుసుకోవాలనుంటే కాసేపు కూర్చోండి. తప్పు నాదే, ఊరు చిత్తూరు, నాలుగేళ్ళ కిందటి మాట.

అప్పట్లో నేను బస్టాండు దగ్గర మా మునిరత్నం మామ సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో పనిచేసేవాణ్ణి. ఇప్పుడూ అక్కడే, ఆ దిగులు మనకెందుకు. చేతులు ఫోన్లు విప్పుతుంటే చెవులు పాటలు వినేవి. సినిమా పాటలు కాదండోయ్, ఇండీ పాటలు, అంటే సినిమాతో పనిలేకుండా ఎవరికివాళ్ళు కట్టుకుని పాడుకునేవి. ఒక గిటారు, ఒక గొంతు, బోలెడంత బాధ. నలుగురికి తెలిసిన పాటైతే నాకు అరిగేది కాదు. తిరుపతిలో ఏ కాఫీ హోటల్ మేడ మీద ఎవరు గిటారు పట్టుకున్నా, బస్సెక్కి వెళ్ళి మొదటి వరసలో కళ్ళు మూసుకుని తల ఊపేవాణ్ణి. నిద్రపోతున్నాననుకుని ఒకసారి లేపారు కూడా.

వాటిల్లో మృదుల అనే అమ్మాయి పాట ఒకటి నన్ను పట్టుకుంది. బెంగళూరులో ఉండే తెలుగమ్మాయి, సొంతంగా రాసుకుని పాడుతుంది.

"వాన రాదని తెలుసు, అయినా గొడుగు తెచ్చుకున్నా
నువ్వు రావని తెలుసు, అయినా రెండు టీలు చెప్పుకున్నా"

ఇదీ పల్లవి. మొదటిసారి విన్నప్పుడు స్క్రూడ్రైవరు చేతిలో ఉన్న సంగతి మరిచి కళ్ళు తుడుచుకోబోయాను. దేవుడు కాపాడాడు.

ఇక్కడ మీకు మా అంగడి పద్ధతి చెప్పాలి. ఫోను బాగయ్యాక స్పీకరు పలుకుతోందో లేదో చూడటానికి ఒక పాట పెడతాం. నేను ఏ ఫోనుకైనా ఈ పాటే పెట్టేవాణ్ణి. పల్లవి అవగానే ఆపేసి, రిపేరుకి ఇచ్చినప్పుడు రాసిచ్చిన చీటీ వెనక్కి తీసుకుని, ఫోను చేతిలో పెట్టేవాణ్ణి. బ్యాటరీ పరీక్షకైతే శబ్దం పూర్తిగా తగ్గించి, ఇదే పాటను పొద్దస్తమానం తిప్పేవాణ్ణి. ఫోను ఇచ్చినవాళ్ళు ఎదురుగా వేలన్న టీ బంకులో కూర్చునేవాళ్ళు. పాట వినబడిందంటే ఎవరిదో ఫోను బాగైనట్టే, అందరూ చీటీలు పట్టుకుని లేచేవాళ్ళు.

ఒకనాడు మృదుల దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఆమె ప్రతి పాట కిందా నేను రెండు పేజీల మెప్పు రాసేవాణ్ణి కాబట్టి నా పేరు ఆమెకు తెలుసు.

"చలపతి గారూ, నా పాట ఎక్కువగా వింటున్న ఊరు చిత్తూరని పాటల యాప్ చూపిస్తోంది. బెంగళూరు కూడా దాని తర్వాతే. నిజమేనా?"

అప్పుడు నిజం చెప్పాల్సింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కడమే కాక, అందులోకి బెంగళూరు నుంచి ఇంకొకరిని పిలిచాను.

"మేడమ్, మా ఊరు నిద్ర లేచేదే మీ పాటతో" అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. మూడేళ్ళుగా భోంచేసేవాళ్ళ మధ్య పాడుతున్నానని, చెంచాల చప్పుడు తప్ప చప్పట్లు ఎరగనని, ఇక మానేద్దామనుకుంటున్నానని రాసింది. "నా పాటను ఎవరైనా నాతో కలిసి పాడితే ఒక్కసారి వినాలని ఉంది. ఆదివారం వస్తాను."

ఆ వారమంతా నేను ఒక్క ఫోనూ ముట్టలేదు. మిద్దె ఊడ్చాను, కుర్చీలు తెచ్చాను, వాట్సాప్ నిండా ప్రకటనలు పెట్టాను. జవాబుగా బొటనవేళ్ళ బొమ్మలు వందల్లో వచ్చాయి. కింద బుట్టలో ఫోన్లు మామిడికాయల సీజన్లో మార్కెట్ యార్డులాగా గుట్టపడ్డాయి.

"రేయ్, జనాలు చీటీలు పట్టుకోని నా పీక మీద కూసోనుండారు రా" అన్నాడు మామ.

"ఆదివారం అయిపోనీ మామా" అన్నాను.

ఆదివారం సాయంత్రం అయిదుకి అంగడి మూసి, దాని మిద్దె మీద కచేరీ పెట్టాం. సౌండు వేలన్న బామ్మర్దిది. పెళ్ళికైనా ఎలక్షనుకైనా అతనికి తెలిసింది ఒక్కటే, రెండు పెద్ద లౌడ్‌స్పీకరు గొట్టాలు బస్టాండు వైపు తిప్పి కట్టడం. వద్దు, ఇది గుసగుసగా పాడే పాట అంటే, గుసగుస కూడా గుడిపాల దాకా వినిపిస్తానని భరోసా ఇచ్చాడు.

మృదుల గిటారు తీసుకుని మిద్దెక్కింది. కుర్చీలు అరవై, మనుషులు ఏడుగురు. అందులో మామ, అత్త, కుర్చీలు వెనక్కి తీసుకుపోవడానికి వచ్చినాయన కూడా ఉన్నారు.

"మిగతావాళ్ళు దారిలో ఉన్నారా?" అని అడిగింది.

ఇక దాచలేకపోయాను. స్పీకరు పరీక్ష, బ్యాటరీ పరీక్ష, అన్నీ చెప్పేశాను. "ఆ చిత్తూరంతా నేనే, మేడమ్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుని గిటారు తీగ ఒకటి మెల్లగా బిగించుకుంది. "వచ్చాను కాబట్టి ఒక్కటి పాడి ఏడు గంటల బస్సుకి వెళ్ళిపోతాను. తర్వాత ఇంక పాడను" అంది. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

మైకు దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టింది. 'వాన రాదని తెలుసు...'

గొట్టాలు ఆ మాటను బస్టాండు మీద కుమ్మరించాయి. రెండో లైనుకి కింద వేలన్న బంకు దగ్గర బెంచీలు కదిలిన చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు. అందరికంటే ముందు పాల డిపో మంగమ్మక్క ఆయాసపడుతూ వచ్చింది, చీటీ పైకెత్తి పట్టుకుని. ఆమె వెనక కండక్టర్లు, కోర్టు గుమాస్తాలు, పూలమ్మేవాళ్ళు, అందరి చేతుల్లోనూ మా చీటీలే. వారం రోజులు నేను ముట్టని ఫోన్ల తాలూకు జనమంతా ఒక్కసారిగా మిద్దెక్కారు. కుర్చీలు నిండి, పిట్టగోడ నిండి, మెట్లు నిండాయి.

మృదుల పల్లవి రెండోసారి ఎత్తుకుంది. అప్పుడు జరిగింది అసలు సంగతి. జనమంతా పాడారు. అలవాటుగా, ఆలోచన లేకుండా, అక్షరం పొల్లుపోకుండా పాడారు. 'రెండు టీలు' అన్నచోట కింద నుంచి వేలన్న గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. ఆమె గొంతు ఆగిపోయింది. వాళ్ళు ఆగలేదు.

పల్లవి అయిపోగానే అందరూ ఒక్కసారిగా చేతులు చాపారు.

మా అంగట్లో పల్లవి అవగానే ఫోను చేతికొస్తుంది కదా. పాపం మృదుల అభిమానమనుకుంది. మైకు వదిలి వచ్చి, కళ్ళలో నీళ్ళతో వరసగా అందరితోనూ చేతులు కలపడం మొదలుపెట్టింది. మంగమ్మక్క చెయ్యి కూడా ఊపింది.

"సంతోషం తల్లీ. నాది నీలం కవరు ఫోను, యాడుండాది?"

మృదుల నా వైపు చూసింది. నేను మామ వెనక దాక్కున్నాను. ఆమెకి మొత్తం అర్థమై నవ్విన నవ్వు గొట్టాలు లేకుండానే కోర్టు దాకా వెళ్ళింది. ఆ నవ్వుతోనే మైకు దగ్గరికి పోయి చరణం ఎత్తుకుంది.

చాపిన చేతులన్నీ కిందికి దిగాయి. చరణం ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. రాని మనిషి కోసం చెప్పిన టీ చల్లారిపోతుంటే, దాన్ని పక్క బల్ల మీది ముసలాయనకి ఇచ్చి మాటలు కలిపే చరణం అది. మంగమ్మక్క కొంగుతో కళ్ళొత్తుకుని నా చెవి పట్టుకుంది.

"ఇంత పాటుందా దీనికి? ఇన్నాళ్ళూ మాకు సగం పెట్టి మోసం చేసినావు గదరా."

ఏడు గంటల బస్సు వెళ్ళిపోయింది. మృదుల ఆ పాట నాలుగుసార్లు, ఆమెకున్న తక్కిన పాటలన్నీ రెండేసిసార్లు పాడింది. రాత్రి ఆఖరి బెంగళూరు బస్సుని మామ చెయ్యెత్తి ఆపి ఆమెను ఎక్కించాడు. ఇప్పటికీ పాడుతూనే ఉంది, ఏటా మా మిద్దె మీదికి వస్తుంది. చీటీ ఉన్నవాళ్ళకి ముందు వరస.

ఆనాడే స్క్రూడ్రైవరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట నేనొక్కణ్ణే ఊరంతా అయి ఎవరి పాటా వినను, ఏ పాటనీ పల్లవి దగ్గర ఆపను. అందుకే ఇప్పుడు ఒక్కో ఫోను చేతికివ్వడానికి పాట మొత్తం అవ్వాలి. మామ రోజూ తల బాదుకుంటాడు. మొన్న మంగమ్మక్క తొందరలో ఉందని పాట మధ్యలో ఫోను ఇవ్వబోతే, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రెండో చరణం కానీప్పా, పాలు యాడికీ పోవు."