మాస్టారిని రెండుసార్లు తీసేశాం

మా ఫుట్‌బాల్ క్లబ్బుకి ముప్పై ఏళ్లు కోచ్‌గా ఉన్న మాస్టారు పోయారని మొన్న బుధవారం ఉదయం భీమిలి నుంచి ఫోను వచ్చింది. మావారు ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను స్టవ్ ఆపాను. కాసేపటిదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని పాత ఆటగాళ్లు అడిగారు. మంచి మాటలకి కొదవలేదు. కానీ మేము ఆయనకు చేసిన పని దాచిపెట్టి అవి మాత్రమే రాస్తే, ఆ మాటలకి విలువుండదు.

క్లబ్బు మా మామగారు పెట్టింది. పోర్టులో డ్యూటీ దిగిన కుర్రాళ్లు సాయంత్రాలు ఆడుకుంటారని మొదలుపెట్టారు. ఆయన తర్వాత అది మా మీద పడింది. మావారికి ద్వారకా నగర్‌లో షాపు ఉంది. క్లబ్బు రిజిస్టర్లు నేను రాస్తాను. ఏ జెర్సీ ఉతికాం, ఎవరికి జ్వరం, ఎవరు ప్రాక్టీసు ఎగ్గొట్టారు, అన్నీ. మాస్టారు మామగారి జట్టులో గోల్‌కీపరుగా ఉండేవారు, అందుకే నన్ను కోడలమ్మా అని పిలిచేవారు.

ఆయన పెట్టిన అలవాటు ఒకటి మా క్లబ్బులో ఉంది. ఆటకు ముందు ఆటగాళ్లందరూ చెప్పుల్లేకుండా వరసగా నిలబడి, ఈ గోలు నుంచి ఆ గోలు దాకా వంగి నడుస్తూ రాళ్లు, గాజుపెంకులు ఏరాలి. వరస మధ్యలో మాస్టారు ఉండేవారు. నేను మొదటిసారి గ్రౌండుకి వెళ్లి గట్టు మీద కూర్చుంటే కేకేశారు.

"ఏటి కోడలమ్మా, సినిమాకొచ్చినావా? రా, నువ్వూ ఒంగు."

చీర కుచ్చిళ్లు దోపుకుని నేనూ ఆ వరసలో నడిచాను. నా దోసిట్లో రాళ్లు చూసి, "సూడండ్రా, మీ అందరికన్నా ఎక్కువ ఏరింది. కళ్లెక్కడ పెట్టుకుని నడత్తన్నారో!" అన్నారు. జట్టు ఓడిపోయిన రోజున ఎవరైనా అరవబోతే ఆపేసేవారు. "ఓడొచ్చినోడికి ముందు మంచినీళ్లియ్యి. తిట్టడానికి రేపుంది."

తర్వాత అలా ఓడొచ్చిన రోజులు చాలా వచ్చాయి. మా జట్టు పై డివిజన్ నుంచి కిందికి జారింది. మంచి ఆటగాళ్లు వేరే క్లబ్బులకి పోయారు. అమ్మేద్దామంటే కొనేవాళ్లు లేరు, మూసేద్దామంటే మామగారి ఫొటో వంక చూడలేం. అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి ఒక డైరెక్టరు వచ్చాడు. మునిగిపోతున్న క్లబ్బును యజమానులు ఎలా నడుపుతున్నారో డాక్యుమెంటరీ తీస్తానన్నాడు. నలుగురూ చూస్తే క్లబ్బు నిలబడుతుందని ఆశపడి ఒప్పుకున్నాం. ఆరు నెలలు మా వంటింట్లో కూడా కెమెరా ఉంది.

ఆ ఆరు నెలల్లోనూ ఓడుతూనే ఉన్నాం. లైసెన్సు ఉన్న కొత్త కోచ్‌ని పెట్టుకోవాలని మావారు అనుకున్నారు. నేనూ సరేనన్నాను. ఒక ఆదివారం, కెమెరాలు లేని పూట చూసి మాస్టారిని ఇంటికి పిలిచారు. కాఫీ ఇచ్చాక ఎంతో మెల్లగా, తడబడుతూ చెప్పారు. మాస్టారు గ్లాసు కింద పెట్టి, "అలాగే బాబూ. కుర్రోళ్లు జాగర్త" అన్నారు. అక్కడితో అయిపోయి ఉంటే, అది ఏ క్లబ్బులోనైనా జరిగేదే.

మర్నాడు డైరెక్టరుకి తెలిసింది. "అయ్యో మేడమ్, సీజన్ మొత్తానికి అదే ముఖ్యమైన సీను! మళ్లీ ఒకసారి చేద్దాం, ప్లీజ్" అన్నాడు. మావారు వద్దన్నారు. ఆయన్ని ఒప్పించింది నేనే. ఆ రోజుల్లో షూటింగ్ పనులు కూడా నేనే వరసగా రాసుకునేదాన్ని. ఆ నోటుబుక్కులో నా చేత్తో ఇలా ఉంది: "మంగళవారం పది గంటలకు, మాస్టారిని తీసేయడం. పదకొండుకి టిఫిను." జెర్సీల ఉతుకుడు రాసుకున్నట్టే రాసుకున్నాను. ఫోను చేసి రమ్మన్నదీ నేనే.

భీమిలి నుంచి బస్సెక్కి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. క్లబ్బు గదిలో కుర్చీ చూపిస్తే కూర్చుని, నన్నడిగారు.

"ఇప్పుడు నాను ఏటీ తెలీనట్టుండాలా, కోడలమ్మా?"

"అవును సర్, మొదటిసారి వింటున్నట్టు," అన్నాడు డైరెక్టరు.

మావారు మొదలుపెట్టగానే మాస్టారు "అలాగే బాబూ" అనేశారు. మరీ తొందరగా అన్నారట, పనికిరాదన్నాడు డైరెక్టరు. రెండోసారి మావారు తన వల్ల కాదన్నారు. లేచి బయటికి వెళ్లిపోయారు. డైరెక్టరు ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. అతను చెప్పిన మాటే నేను కెమెరా ముందు అన్నాను: "మాస్టారూ, ఇక మీతో ఈ క్లబ్బుకి అవసరం లేదు."

ఆదివారం మావారు ఆ మాట అనలేదు. మాస్టారు దాన్ని నిజంగానే మొదటిసారి విన్నారు. నా మొహంలోకి చూశారు. "సూపర్ మేడమ్!" అన్నాడు డైరెక్టరు. ఆ మెచ్చుకోలుకి నాకు సంతోషం కలిగింది. అది కూడా రాయాలి.

డాక్యుమెంటరీ వచ్చింది. మా చుట్టాలు ఫోన్లు చేసి నన్ను పొగిడారు. క్లబ్బు మాత్రం లేవలేదు. కొత్త కోచ్ రెండు నెలలుండి వెళ్లిపోయాడు. మాస్టారిని కలిసి క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అన్నిటికీ రోజు కేటాయించుకునే నేను దీనికి మాత్రం కేటాయించలేదు.

ఫోను వచ్చిన మర్నాడు భీమిలి వెళ్లాం. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మనవరాలి ఫోను తీసి ఆ సీను పెట్టింది. ఆయన కదులుతూ కనిపించే వీడియో ఆ ఇంట్లో అదొక్కటేనట. వచ్చినవాళ్ల మాటల గోలలో ఫోనులోంచి ఏమీ వినిపించడం లేదు. ఆమె ఆయన మొహమే చూస్తోంది.

"తీసీసినట్టు యాక్షన్ సెయ్యమన్నారంట గదమ్మా," అంది. "మోకాళ్లు పనిసెయ్యక నానే మానీసినానని మాకు ముందే సెప్పీసినారు. నువ్వెంత బాగా సేసినావమ్మా! నిజంగా తీసీసినట్టే ఉంది."

మావారు తల దించుకున్నారు. అవునని ఊరుకుంటే ఆ ఇంట్లో అందరికీ బాగుండేది. మాస్టారు మమ్మల్ని అలా కాపాడిపెట్టి వెళ్లారు. కానీ ఆమె పొగడ్తను కూడా తీసుకుని బస్సెక్కడం నా వల్ల కాలేదు.

"యాక్షన్ కాదు పిన్నీ. నిజంగానే తీసేశాం. ముందు ఇంట్లో, తర్వాత కెమెరా ముందు. క్లబ్బుకి అవసరం లేదన్న మాట నేనే అన్నాను."

ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. సౌండు పూర్తిగా పెంచమని మనవరాలికి చెప్పింది. సీను మళ్లీ మొదలైంది. ఈసారి ఆమె దాన్ని చూడలేదు. కళ్లు మూసుకుని, నేనన్న మాట కోసం ఫోనును చెవికి ఆనించుకుంది.